నర్సింగ్ హోమ్ వారు “నాన్నగారిని తీసుకువెళ్ళండి” అంటే ఏం చేయాలి? అమెరికాలోని తెలుగు కుటుంబాలకు ఒక మార్గదర్శిని

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల నుంచి ఈ ప్రశ్న తరచుగా వస్తున్నది. తుంటి ఎముక విరిగో, పక్షవాతం వచ్చో ఆసుపత్రిలో చేరిన తండ్రిని అక్కడి నుంచి నర్సింగ్ హోమ్‌కు (మన దగ్గరి చిన్న ఆసుపత్రి కాదు, నర్సుల సంరక్షణలో ఉండే నివాస కేంద్రం) పంపుతారు. కొన్ని వారాలు గడిచాక సోషల్ వర్కర్ ఫోన్ చేసి, “మెడికేర్ బుధవారంతో ఆగిపోతుంది, గురువారం ఉదయం వచ్చి తీసుకువెళ్ళండి” అంటారు. (మెడికేర్ అంటే ప్రధానంగా 65 ఏళ్ళు నిండినవారికి సమాఖ్య ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా.) ఆ మాటను ఆజ్ఞగా భావించి, సెలవు పెట్టి, మంచం దిగలేని మనిషిని మేడ మీది అపార్ట్‌మెంటుకు చేర్చిన తరువాత గాని, తమకు కాదనే హక్కు ఉన్నదన్న సంగతి చాలామందికి తెలియడం లేదు. నోటిమాటగా ఫోనులో చెప్పినంత మాత్రాన ఎవరినీ నర్సింగ్ హోమ్ నుంచి పంపివేయడానికి వీలు లేదు.

ఈ రక్షణకు ఆధారం 1987 నాటి నర్సింగ్ హోమ్ సంస్కరణ చట్టం. దాని కింద వచ్చిన సమాఖ్య నిబంధనలలో డిశ్చార్జికి సంబంధించినది 42 సి.ఎఫ్.ఆర్. 483.15 (సి.ఎఫ్.ఆర్. అంటే సమాఖ్య నిబంధనల సంపుటి). ఈ సంఖ్యను గుర్తుంచుకోండి. ఉత్తరంలో ఈ ఒక్క సంఖ్య కనిపించినా అవతలివారి స్వరం మారుతుంది.

ముందుగా తేల్చుకోవలసిన విషయం

మెడికేర్ లేదా మెడికెయిడ్ (ఆదాయం తక్కువ ఉన్నవారికి సమాఖ్య, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి ఇచ్చే ఆరోగ్య బీమా) గుర్తింపు ఉన్న నర్సింగ్ హోమ్‌లకు మాత్రమే ఈ నిబంధనలు వర్తిస్తాయి. అలాంటి చోట ఉన్న ప్రతి ఒక్కరికీ, బిల్లు ఎవరు కట్టినా, పౌరసత్వం ఉన్నా గ్రీన్‌కార్డు మాత్రమే ఉన్నా, ఇవే హక్కులు ఉంటాయి. అసిస్టెడ్ లివింగ్ అనే వసతి గృహాలు వీటి కిందికి రావు. వాటికి ఆయా రాష్ట్రాల చట్టాలు, మీరు సంతకం చేసిన ఒప్పందం ఆధారం. ఒకే ఆవరణలో రెండు రకాల భవనాలు ఉండడం మామూలే కనుక, మెడికేర్ వెబ్‌సైటులోని కేర్ కంపేర్ విభాగంలో ఆ నర్సింగ్ హోమ్ పేరు వెతికి, అది మెడికేర్‌లో ఉన్నదా, మెడికెయిడ్‌లో ఉన్నదా, రెండింటిలోనూ ఉన్నదా అన్నది చూసి, ఆ పేజీని అచ్చు తీసి పెట్టుకోండి.

దగ్గర ఉంచుకోవలసినవి

- చేరేటప్పుడు సంతకం చేసిన ఒప్పందం పూర్తి నకలు
- నర్సింగ్ హోమ్ ఇచ్చిన ప్రతి కాగితమూ, అది చేతికి అందిన తేదీతో సహా
- పవర్ ఆఫ్ అటార్నీ పత్రం, ఉంటే
- బిల్లులు, చెల్లింపుల రసీదులు, మెడికెయిడ్ దరఖాస్తు చేసి ఉంటే దాని రసీదు
- ఎవరు, ఎప్పుడు, ఏమన్నారో రాసుకోవడానికి ఒక నోటుపుస్తకం

పవర్ ఆఫ్ అటార్నీ లేదని ఆగిపోకండి. మీ నాన్నగారికి విషయం అర్థమయ్యే స్థితి ఉంటే అప్పీలు మీద ఆయనే సంతకం చేయవచ్చు, తన తరఫున మాట్లాడడానికి మిమ్మల్ని నియమిస్తున్నట్టు ఒక కాగితం రాసి ఇవ్వవచ్చు. తెలుగులో పెట్టిన సంతకమూ సంతకమే.

1. చేతికి వచ్చింది ఏ కాగితమో గుర్తించండి

అన్నిటికంటే ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. రెండు వేర్వేరు కాగితాలను మనవాళ్ళు ఒకటిగా భావిస్తారు.

మొదటిది మెడికేర్ చెల్లింపు ఆగిపోతుందని తెలిపే నోటీసు. ఇది డబ్బుకు సంబంధించినదే తప్ప, మనిషి బయటికి వెళ్ళాలని చెప్పేది కాదు. చెల్లింపు ఆగడానికి కనీసం రెండు రోజుల ముందు దీనిని ఇవ్వాలి. రెండవది డిశ్చార్జి నోటీసు. మనిషిని పంపివేయాలంటే నర్సింగ్ హోమ్ దీనిని వేరుగా ఇచ్చి తీరాలి. మెడికేర్ ఆగిపోయినా సొంత డబ్బుతోనో, మెడికెయిడ్‌తోనో అక్కడే కొనసాగే అవకాశం ఉన్నదని సోషల్ వర్కర్ తనంతట తాను చెప్పకపోవచ్చు. అడగవలసింది మీరే.

2. అది మెడికేర్ కాగితమైతే, గడియారం చూసుకుని వెంటనే అప్పీలు చేయండి

నోటీసు మీద సమీక్ష సంస్థ (మెడికేర్ అప్పీళ్ళను పరిశీలించే సంస్థ) ఫోన్ నంబరు ఉంటుంది. చెల్లింపు ఆగే తేదీకి ముందు రోజు మధ్యాహ్నం 12 గంటల లోపల ఆ నంబరుకు ఫోన్ చేసి, త్వరిత అప్పీలు కావాలని చెప్పాలి. ఎవరితో మాట్లాడారో, వారు ఇచ్చిన కేసు నంబరు ఏమిటో రాసుకోండి.

“మెరుగుదల ఆగిపోయింది కనుక మెడికేర్ ఇవ్వదు” అన్నది తరచుగా వినిపించే కారణం. 2013లో జిమ్మో కేసులో (ఇలాంటి మెడికేర్ నిరాకరణల మీద వేసిన దావా) కుదిరిన ఒప్పందం ప్రకారం, మెరుగుదల లేకపోవడం ఒక్కటే నిరాకరణకు కారణం కాదు. ఉన్న స్థితి దిగజారకుండా చూడడానికి నిపుణుల సేవ అవసరమైతే అది కూడా మెడికేర్ పరిధిలోనిదే. అందువల్ల డాక్టరు చేతనో, థెరపిస్టు చేత‌నో ఆ అవసరం ఏమిటో స్పష్టంగా రెండు వాక్యాలు రాయించి సమీక్ష సంస్థకు పంపండి.

హెచ్చరిక: ఒక అనారోగ్య కాలానికి (ఆసుపత్రిలో చేరిన నాటి నుంచి మెడికేర్ లెక్కించే కాలం) మెడికేర్ ఇచ్చేది గరిష్ఠంగా 100 రోజులు. మొదటి 20 రోజులకు రోగి వాటా ఉండదు, 21వ రోజు నుంచి రోజువారీ వాటా ఉంటుంది. 100 రోజులూ వాడుకున్నాక ఈ అప్పీలు వల్ల ప్రయోజనం లేదు. అప్పీలు ఓడిపోతే చెల్లింపు ఆగిన తేదీ నుంచి బిల్లు మీ నాన్నగారి పేరున పడుతుంది. అందుచేత ఆ ఫలితం కోసం వేచి చూడకుండా, అర్హత ఉండవచ్చనిపిస్తే మెడికెయిడ్ దరఖాస్తు అదే వారంలో వేయండి. గ్రీన్‌కార్డు వచ్చి ఐదేళ్ళు నిండని తల్లిదండ్రులకు మెడికేర్ గాని, సమాఖ్య మెడికెయిడ్ గాని సాధారణంగా దొరకవు. అలాంటివారికి డబ్బు చెల్లింపే అసలు చిక్కు అవుతుంది గనుక 4వ మెట్టును మరింత శ్రద్ధగా చదవండి.

3. డిశ్చార్జి నోటీసును రాతపూర్వకంగా అడిగి, అందులో ఏమి లేదో చూడండి

ఫోన్ వచ్చిన రోజే ఈమెయిలులో ఒక్క వాక్యం రాయండి: మా నాన్నగారు వెళ్ళడానికి సమ్మతించడం లేదు, 483.15 ప్రకారం రాతపూర్వక నోటీసు ఇవ్వండి. నోటీసు ఇస్తే, ఈ అంశాలు అందులో ఉన్నాయో లేదో పెన్సిలుతో టిక్కు పెట్టుకుంటూ చూడండి.

- పంపించడానికి కారణం
- అమలు తేదీ, సాధారణంగా కనీసం 30 రోజుల తరువాతిది
- ఎక్కడికి పంపుతున్నారన్న స్థలం
- అప్పీలు హక్కు, అప్పీలు స్వీకరించే కార్యాలయం చిరునామా, ఫోన్, ఈమెయిలు, ఫారం ఎలా పొందాలన్న వివరం
- రాష్ట్ర దీర్ఘకాల సంరక్షణ ఆంబుడ్స్‌మన్ (నర్సింగ్ హోమ్‌లలో ఉన్నవారి ఫిర్యాదులు విని వారి తరఫున నిలిచే అధికారి) కార్యాలయం పేరు, చిరునామా, ఫోన్, ఈమెయిలు

నోటీసు నకలు ఆంబుడ్స్‌మన్‌కు కూడా పంపి ఉండాలి. నోటీసు మీ నాన్నగారికి అర్థమయ్యే భాషలో, అర్థమయ్యే తీరులో ఉండాలని కూడా నిబంధన చెబుతున్నది. ఇంగ్లీషు చదవలేని మనిషి చేతిలో నాలుగు పేజీల ఇంగ్లీషు కాగితం పెట్టి సంతకం చేయించుకోవడం ఆ షరతును తీర్చదు.

స్థలం గడిలో “కుమారుని ఇల్లు” అని మీ చిరునామా రాసి, మిమ్మల్ని ఒక్క మాట కూడా అడగకపోవడం చాలా నోటీసులలో కనిపించే లోపం. మీరు ఒప్పుకోలేదని, ఆ ఇంట్లో ఆయనకు కావలసిన సంరక్షణ లేదని రాతపూర్వకంగా తెలియజేయండి. ఆ తరువాత వారు స్థలం మార్చితే కొత్త నోటీసు ఇవ్వాలి, 30 రోజుల లెక్క మళ్ళీ మొదలవుతుంది.

మినహాయింపులు ఉన్నాయి. ఇతరుల ఆరోగ్యానికో భద్రతకో ప్రమాదం ఉన్నదన్నప్పుడు, అత్యవసర వైద్యం అవసరమైనప్పుడు, ఆరోగ్యం బాగుపడి త్వరగా పంపే వీలున్నప్పుడు, మనిషి అక్కడ చేరి 30 రోజులు కానప్పుడు గడువు తగ్గవచ్చు. గడువు తగ్గినంత మాత్రాన కారణం చెప్పవలసిన బాధ్యత గాని, మీ అప్పీలు హక్కు గాని పోవు.

4. కారణం చట్టం అనుమతించిన ఆరింటిలో ఒకటో కాదో తేల్చండి

ఆ ఆరు ఇవి: నర్సింగ్ హోమ్ ఆయన అవసరాలను తీర్చలేకపోవడం, ఆరోగ్యం బాగుపడి ఆ సేవలు ఇక అవసరం లేకపోవడం, ఆయన వల్ల ఇతరుల భద్రతకు ప్రమాదం, ఇతరుల ఆరోగ్యానికి ప్రమాదం, తగిన నోటీసు ఇచ్చాక కూడా డబ్బు చెల్లించకపోవడం, సంస్థ మూతపడడం. “సిబ్బంది చాలడం లేదు”, “కుటుంబసభ్యులు ప్రతిరోజూ ఫిర్యాదులు చేస్తున్నారు”, “మెడికెయిడ్ వాళ్ళకు మంచాలు లేవు” అన్నవి ఈ జాబితాలో లేవు.

డబ్బు కారణమైతే కొన్ని విషయాలు తెలిసి ఉండాలి. మెడికెయిడ్ దరఖాస్తు పరిశీలనలో ఉండగా చెల్లించలేదన్న కారణంతో పంపకూడదు. అయితే అడిగిన కాగితాలు మీరు ఇవ్వకపోతే ఈ రక్షణ నిలవదు. మెడికెయిడ్ మంజూరైనవారి సోషల్ సెక్యూరిటీ, పింఛను వంటి ఆదాయంలో ఎక్కువ భాగం నర్సింగ్ హోమ్‌కు వాటాగా కట్టాలి. చేతిఖర్చుకు నెలకు కనీసం 30 డాలర్లు మిగులుస్తారు, అంతకు మించి ఎంత అన్నది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. ఆ వాటా ఇంటి ఖర్చులకు వాడేసి, తరువాత నోటీసు అన్యాయమని వాదిస్తే విచారణ అధికారి ముందు నిలబడదు. మెడికెయిడ్‌లో అసలు చేరని నర్సింగ్ హోమ్‌లో సొంత డబ్బు అయిపోతే ఈ కారణం చెల్లుబాటు అయ్యేదే కనుక, అక్కడ పోరాటం కంటే గడువు లోపల మెడికెయిడ్ ఉన్న మరో చోటు వెతకడం మేలు.

ఇక మీ జేబు సంగతి. చేర్చుకోవడానికి షరతుగా పిల్లల చేత వ్యక్తిగత హామీ అడగడం సమాఖ్య నిబంధనల ప్రకారం నిషిద్ధం. తండ్రి డబ్బు మీద అధికారం ఉన్న కొడుకో కూతురో ఆ డబ్బులోంచి చెల్లిస్తామని సంతకం చేయవచ్చు, అంతవరకే. “బాధ్యత వహించే వ్యక్తి” అన్న గీత దగ్గర సంతకం పెట్టి ఉంటే కంగారుపడి సొంత ఖాతా నుంచి చెల్లించే ముందు ఆ ఒప్పందాన్ని న్యాయ సహాయ సంస్థకు చూపించండి.

ప్రవర్తన కారణం మన పెద్దల విషయంలో ప్రత్యేకంగా పరిశీలించదగినది. మతిమరుపు వ్యాధి ముదిరేకొద్దీ తరువాత నేర్చుకున్న భాష ముందుగా చేజారిపోయి, ఇన్నేళ్ళూ ఇంగ్లీషు మాట్లాడిన మనిషి తెలుగుకే పరిమితం కావచ్చు. రాత్రి మంచినీళ్ళ కోసం కేకవేస్తే, అర్థం కాని సిబ్బంది నివేదికలో “ఉద్రేకంగా అరుస్తున్నాడు” అని రాస్తారు. పరాయి స్త్రీ స్నానం చేయించబోతే చెయ్యి అడ్డం పెట్టిన పెద్దాయన పేరు కింద “దాడి” అన్న మాట చేరుతుంది. ఇలాంటి నాలుగు నివేదికలు కూడితే డిశ్చార్జి నోటీసు తయారు. కాబట్టి మీ ప్రశ్నలు ఇలా ఉండాలి: దుబాసీని ఎన్నిసార్లు పిలిచారు? సంరక్షణ ప్రణాళికలో ఆయన భాష, స్నానానికి పురుష సహాయకుడు కావాలన్న కోరిక, శాకాహారం రాసి ఉన్నాయా? సంస్కృతికి తగిన సంరక్షణ అందించాలని నిబంధనలే చెబుతున్నాయి. ప్రమాదం ఉన్నదన్న కారణానికి డాక్టరు రాసిన ఆధారం ఉండాలి. అవసరాలు తీర్చలేమంటే, ఏ అవసరం, దానికోసం తాము ఏమి ప్రయత్నించారు, పంపబోయే చోట ఏ సేవ ఉన్నది అన్నవి ఆయన డాక్టరు ఫైలులో రాసి ఉండాలి.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. 2023 జూన్ 8న అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన తలెవ్‌స్కీ కేసు ఇలాంటిదే. ఇండియానాలో ఒక నర్సింగ్ హోమ్‌లో ఉన్న గోర్గీ తలెవ్‌స్కీ ఇంగ్లీషు మాట్లాడే శక్తి కోల్పోయి మాతృభాష మాసిడోనియన్‌లోనే మాట్లాడసాగారు. మత్తు కలిగించే మందులు ఎక్కువగా ఇచ్చారని, చట్టవిరుద్ధంగా వేరే చోటికి పంపారని కుటుంబం ఆరోపించింది. ప్రభుత్వ యాజమాన్యంలోని నర్సింగ్ హోమ్‌ల మీద ఈ హక్కుల కోసం సమాఖ్య కోర్టులో దావా వేయవచ్చని న్యాయమూర్తులు 7–2తో తేల్చారు. ప్రైవేటు యాజమాన్యంలోని వాటికి ఆ దారి వర్తించదు. అక్కడ అప్పీలు, ఫిర్యాదు, రాష్ట్ర చట్టాలే మార్గం.

5. ఆంబుడ్స్‌మన్‌కు ఫోన్ చేయండి

ప్రతి రాష్ట్రంలోనూ ఈ కార్యాలయం ఉన్నది. సేవ ఉచితం, మీ నాన్నగారి అనుమతి లేకుండా విషయం బయటపెట్టరు. నంబరు దొరకకపోతే ఎల్డర్‌కేర్ లొకేటర్ 1-800-677-1116కు ఫోన్ చేసి అడగండి. ఫిర్యాదు చేస్తే పెద్దాయనను సరిగా చూడరేమోనన్న భయం మనలో చాలామందికి ఉన్నది. ఫిర్యాదు చేసినందుకు ప్రతీకారం నిషిద్ధమని నిబంధన చెబుతున్నది గాని, భయం నిబంధనతో పోయేది కాదు. దానికి ఆచరణలో పనిచేసే విరుగుడు, వేర్వేరు వేళల్లో వెళ్ళి చూసి రావడం.

6. అమలు తేదీకి ముందే అప్పీలు దాఖలు చేయండి

అప్పీలు గడువు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. నోటీసులో ఏ తేదీ ఉన్నా, మూడు నాలుగు రోజుల లోపలే దాఖలు చేయడం సురక్షితం. ఎందుకంటే సకాలంలో అప్పీలు చేసి, అది పరిశీలనలో ఉన్నంతకాలం నర్సింగ్ హోమ్ ఆయనను పంపకూడదు. ఉంచితే ఎవరి ఆరోగ్యానికో భద్రతకో ప్రమాదమని వారు రాతపూర్వకంగా చూపగలిగితే మాత్రమే దీనికి మినహాయింపు.

ఉత్తరం పొడుగ్గా ఉండనక్కరలేదు. పేరు, నర్సింగ్ హోమ్ పేరు, నోటీసు తేదీ రాసి, డిశ్చార్జిని వ్యతిరేకిస్తున్నామని, విచారణ కోరుతున్నామని, తేలేవరకు అక్కడే ఉంటారని, తెలుగు దుబాసీ కావాలని రాస్తే చాలు. నోటీసు నకలు జతచేసి, ఫ్యాక్సు ద్వారా గాని, రసీదు వచ్చే పోస్టులో గాని పంపండి. ఒక నకలు నర్సింగ్ హోమ్ నిర్వాహకునికి, ఒకటి ఆంబుడ్స్‌మన్‌కు ఇవ్వండి. నోటీసే ఇవ్వకుండా పంపబోతున్నారంటే, ఆ విషయమే రాసి అప్పీలు చేయండి. దానితోపాటు నర్సింగ్ హోమ్‌లను తనిఖీ చేసే రాష్ట్ర సంస్థకు ఫిర్యాదు పంపండి.

7. ఫైలు తెప్పించుకుని విచారణకు సిద్ధం కండి

నోటితో అడిగినా సరే, పనిదినాల లెక్కన 24 గంటల లోపల ఫైలు చూపించాలి. రెండు పనిదినాల ముందు చెబితే నకళ్ళు ఇవ్వాలి. నర్సుల రోజువారీ నోట్సు, డాక్టరు ఆదేశాలు, సంరక్షణ ప్రణాళిక, మందుల పట్టిక, బిల్లుల ఖాతా అడగండి.

విచారణ చాలా చోట్ల ఫోనులోనే జరుగుతుంది. వకీలు తప్పనిసరి కాదు, వయోవృద్ధుల న్యాయ సహాయ సంస్థ దొరికితే మంచిది. సాక్షులను తెచ్చుకోవచ్చు, అవతలి సాక్షులను ప్రశ్నించవచ్చు. ఇంటివాళ్ళే దుబాసీలుగా కూర్చోవడం వద్దు. కొడుకు అనువదించిన మాటకు విలువ తగ్గుతుంది, అధికారిక దుబాసీ ఖర్చు మీది కాదు. మాట్లాడేటప్పుడు నర్సింగ్ హోమ్ మీద ఉన్న కోపాలన్నీ చెప్పకండి. కారణం నిజమా, ఆధారం ఉన్నదా, నోటీసు సరిగా ఉన్నదా, పంపే చోటు సురక్షితమా అన్న నాలుగు అంశాల దగ్గరే నిలవండి.

ఆసుపత్రికి పంపి, తిరిగి చేర్చుకోకపోతే

ఇది దొడ్డిదారి డిశ్చార్జి. ఆసుపత్రికి పంపేటప్పుడే, మంచం ఎన్ని రోజులు అట్టిపెడతారన్న రాతపూర్వక వివరం ఇవ్వాలి. ఆ రోజులు దాటినా, మెడికేర్ లేదా మెడికెయిడ్ కింద అక్కడి సేవలకు అర్హత ఉన్న వ్యక్తిని, పాత గది ఖాళీగా ఉంటే అందులోకి, లేకుంటే ఇద్దరు ఉండే గదిలో మంచం ఖాళీ అయిన వెంటనే తిరిగి తీసుకోవాలి. “తీసుకోము” అంటే అది డిశ్చార్జి కిందే లెక్క, నోటీసూ అప్పీలూ అన్నీ వర్తిస్తాయి. ఆసుపత్రి కేస్ మేనేజర్‌కు ఈ సంగతి వెంటనే చెప్పి, వేరే నర్సింగ్ హోమ్‌లకు దరఖాస్తులు పంపేముందు మీ సమ్మతి అడగాలని కోరండి.

తరచుగా చేసే పొరపాట్లు

“ఇష్టపూర్వకంగా వెళుతున్నాము” అన్న అర్థం వచ్చే కాగితం మీద సంతకం చేయడం అన్నిటిలోకి పెద్దది, ఎందుకంటే అది ఉంటే నోటీసు గాని, అప్పీలు గాని అవసరం లేకుండా పోతుంది. మాటలు అర్థం కాకపోతే “చదివి ఇస్తాను” అని ఇంటికి తెచ్చుకోండి. నోటీసు అందినట్టు మాత్రమే సంతకం చేయవలసి వస్తే, సంతకం పక్కనే “అందినది, సమ్మతి లేదు” అని చేత్తో రాయండి. మధ్యవర్తిత్వ ఒప్పందం (తగాదాను కోర్టులో కాక మధ్యవర్తి దగ్గరే తేల్చుకుంటామన్న ఒప్పందం) కూడా అలాంటిదే. చేరడానికి దానిని షరతు చేయకూడదు, సంతకం చేసినా 30 రోజుల లోపల రద్దు చేసుకోవచ్చు.

అక్కాచెల్లెళ్ళూ అన్నదమ్ములూ తలా ఒక మాట చెప్పడం ఇంకొకటి. పెద్దకొడుకు అప్పీలు వేస్తుండగా చిన్నకూతురు “మా ఇంటికి తెచ్చుకుంటాం” అని ఫోనులో అంటే, అది ఫైలులోకి ఎక్కుతుంది. మాట్లాడే మనిషి ఒక్కరే ఉండాలి.

పని జరిగిందని ఎలా సరిచూసుకోవాలి?

అప్పీలు పంపిన రెండు రోజులకు ఆ కార్యాలయానికి ఫోన్ చేసి కేసు నంబరు తీసుకోండి. నర్సింగ్ హోమ్ నిర్వాహకుడు “అప్పీలు తేలేవరకు పంపము” అని ఈమెయిలులో ఒక్క మాట రాస్తే సరే, రాయకపోతే ఆంబుడ్స్‌మన్ చేత అడిగించండి. పాత నోటీసులోని అమలు తేదీ నాడు ఎవరైనా ఒకరు అక్కడ ఉండండి. ఆ ఉదయం సామాను సర్దడం మొదలుపెడితే ఆపగలిగేది అక్కడున్న మనిషే.

గెలిస్తే, ఆయన పేరు మంచాల జాబితాలో ఉన్నదని, సంరక్షణ ప్రణాళిక సమావేశం తేదీ ఖరారైనదని, అందులో భాష, ఆహారం, స్నానం విషయాలు ఎక్కాయని చూసుకోండి. ఓడిపోతే, పైకోర్టులో పునర్విచారణకు ఎంత గడువున్నదో తీర్పు కాగితంలో ఉంటుంది. ఆలోగా మందుల పట్టిక, చివరి డాక్టరు నోట్సు, ఇంటికి కావలసిన మంచం, చక్రాల కుర్చీ ఆర్డరు, తరువాతి డాక్టరు అపాయింట్‌మెంటు అన్నీ రాతలో చేతికి అందేవరకు గది ఖాళీ చేయడానికి ఒప్పుకోకండి. సురక్షితంగా, పద్ధతిగా పంపడానికి కావలసిన ఏర్పాట్లు చేయడం అప్పుడు కూడా నర్సింగ్ హోమ్ బాధ్యతే.